జాకీ ఎక్కడ పెట్టామన్నదే అసలు టెస్టు: 1999 ఫోర్‌రన్నర్ లోయర్ బాల్ జాయింట్లు ఇంట్లోనే మార్చిన కేసు

కారు 1999 టయోటా ఫోర్‌రన్నర్, 3.4 లీటర్ల వీ6, ఫోర్ వీల్ డ్రైవ్, రెండు లక్షల మైళ్లు ఎప్పుడో దాటేసింది. ఓనరు మా బావగారు, అంటే మా అక్క వాళ్లాయన, డాలస్ పక్కనే ఉంటారు. రోజూ ఆఫీసుకి వేరే కారు, ఇది మాత్రం క్యాంపింగులకి, సామాన్లు మోయడానికి అని సెకండ్ హ్యాండులో కొన్నారు. నేను విజయవాడ ఆటోనగర్లో మా పెదనాన్న షెడ్డులో పానాలు అందిస్తూ పెరిగినవాణ్ణి, ఇక్కడికొచ్చాక ఉద్యోగం వేరే అయినా వీకెండు వస్తే తెలిసినవాళ్ల కార్లు చూస్తూనే ఉంటా. ఈ కేసు వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి పాత ఎస్‌యూవీలు మనవాళ్ల దగ్గర చాలా ఉన్నాయి, బాల్ జాయింటు, అంటే సాకెట్లో గుండు తిరుగుతూ చక్రాన్ని సస్పెన్షన్ ఆర్ముకి కలిపే కీలు, పోయిందో లేదో చూసే పద్ధతి మాత్రం చాలా షాపుల్లో సరిగ్గా జరగట్లేదు, అది తప్పితే చక్రమే ఊడొచ్చే పరిస్థితి.

బావగారి కంప్లైంట్ ఇది. డ్రైవ్ వేలోకి మెల్లగా తిప్పుతుంటే ఎడమ వైపు ముందు నుంచి టక్ మని ఒక్క సౌండు, స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు ఇంకోటి, హైవే మీద ఎక్కడైనా అతుకు దాటితే స్టీరింగు కాస్త అటూ ఇటూ వెతుక్కున్నట్టు ఉంటుంది, మళ్లీ సర్దుకుంటుంది. ఎడమ ముందు టైరు లోపలి అంచు అరిగిపోయి ఉంది. దీనికి ముందు ఒక షాపులో చూపించారు, వాళ్లు స్టెబిలైజర్ లింకులు (బండి మలుపులో వాలకుండా ఆపే బారుకి ఉండే చిన్న రాడ్లు) మార్చారు, సౌండు పోలేదు. ఇంకో షాపులో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేసి "సస్పెన్షన్ అంతా టైటుగానే ఉంది, పాత బండి కదా, కొంచెం సౌండ్లు ఉంటాయి" అన్నారట. బావగారు కూడా అదే నమ్మి, వచ్చే శనివారం ఓక్లహోమాలో బ్రోకెన్ బోకి ఫ్యామిలీతో పోదామని ప్లాన్ చేసుకుని, దానికి ముందు ఆయిల్ మారుద్దామని నన్ను పిలిచారు.

సస్పెన్షన్ టైటుగా ఉందన్న ఆ షాపువాళ్లు అబద్ధం ఆడారని నేను అనుకోవట్లేదు. అలైన్‌మెంట్ ర్యాక్ మీద కారు తన నాలుగు చక్రాల మీదే నిలబడి ఉంటుంది, బరువంతా జాయింట్ల మీదే ఉంటుంది, ఆ బరువు బాల్‌ని సాకెట్లో ఒక వైపుకి గట్టిగా లాగి పట్టి ఉంచుతుంది, అప్పుడు మీరు ఎంత ఊపినా ప్లే, అంటే అరిగితే వచ్చే వదులు, కనపడదు. లోపల రెండు మిల్లీమీటర్లు అరిగి ఉన్నా పైకి మాత్రం టైటుగానే ఉంటుంది.

ఈ బండిలో అది ఎందుకంత ముఖ్యమో కొంచెం చెప్పాలి. ముందు సస్పెన్షన్ డబుల్ విష్‌బోన్, అంటే పైన ఒక ఆర్ము, కింద ఒక ఆర్ము, రెండిటి మధ్యలో చక్రాన్ని పట్టుకునే నకల్. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాయిలోవర్ కింది ఆర్ము మీద కూర్చుంటుంది, అంటే ఆ మూల బరువు మొత్తం ముందు కింది ఆర్ము మీదకి వచ్చి, అక్కణ్ణుంచి లోయర్ బాల్ జాయింటు ద్వారా నకల్‌కి, చక్రానికి వెళ్తుంది. కింది జాయింటు ఇలా బరువు మోసే కొన్ని బండ్లలో ఈ బరువు బాల్‌ని సాకెట్ లోపలికి నొక్కుతుంది, అరిగినా బాల్ లోపలే ఉంటుంది, గోల చేస్తుంది గానీ అంత తేలిగ్గా ఊడిరాదు. ఈ తరం ఫోర్‌రన్నర్‌లో, అదే కాలం టకోమాలో మాత్రం సాకెట్ ఉన్న బాడీని నకల్ అడుగున నాలుగు బోల్టులతో బిగించి, బాల్‌కి కాడలా ఉండే స్టడ్డు కిందకి వచ్చి కింది ఆర్ములో దిగుతుంది. బండి బరువు ఆర్ముని కిందకి తోస్తుంటే ఆ ఆర్ము బాల్‌ని సాకెట్ నుంచి బయటకి లాగుతూ ఉంటుంది. కుండని నేల మీద పెట్టడానికీ ఉట్టికి వేలాడదీయడానికీ ఉన్న తేడా ఇది, ఉట్టి తాడు పీచులు పీచులుగా తెగుతూ వచ్చి ఒక రోజు కుండ కింద పడుతుంది. ఇక్కడ పడేది బండి మూల. చక్రం ఫెండర్ కిందకి మడతపడిపోతుంది, చక్రాన్ని తిప్పే సీవీ యాక్సిల్, బ్రేక్ హోస్ కూడా దానితో పాటే పోవచ్చు. ఎక్కువగా మెల్లగా స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు జరుగుతుందంటారు, కానీ హైవే మీద జరగదని గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

ఇదే ఫ్యామిలీ బండ్లకి 2005లో అమెరికాలో రీకాల్ (లోపమున్న బండ్లని కంపెనీయే పిలిచి బాగుచేయడం) కూడా వచ్చింది, 2001 నుంచి 2004 వరకు టకోమాలు, 2001, 2002 ఫోర్‌రన్నర్లు, ఇంకా కొన్ని టండ్రాలు, సెకోయాలు కలిపి ఏడు లక్షల పైచిలుకు. అప్పుడు చెప్పిన కారణం తయారీలో బాల్ ఉపరితలం ఫినిషింగ్ సరిగ్గా లేక గీతలు పడి త్వరగా అరగడం. బావగారి బండి 1999ది కాబట్టి ఆ రీకాల్లోకి రాదు, దాని జాయింటు పాతికేళ్ల వయసుకి అరిగింది, అందులో కంపెనీని అనడానికేమీ లేదు. ఇంకో విషయం, టెక్సస్‌లో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. 2025 జనవరి 1 నుంచి ఇక్కడ మామూలు ప్రైవేటు కార్లకి ప్రతి ఏడాది జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, టారంట్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ (పొగ) టెస్టు ఉంది గానీ అది కూడా 24 ఏళ్లు దాటిన బండికి అక్కర్లేదు. అంటే ఇలాంటి పాత బండి కిందకి తొంగిచూసేవాడు చట్టప్రకారం ఇప్పుడు ఎవడూ లేడు, ఓనరే చూసుకోవాలి.

సరే టెస్టు. ముందు మామూలుగా అందరూ చేసేదే చేశా, ఫ్రేమ్ కింద జాకీ పెట్టి ఎడమ చక్రం లేపి, టైరుని పైన కింద పట్టుకుని లోపలికి బయటకి ఊపా, ఏదో కొద్దిగా అనిపించింది గానీ ఇదీ అని చెప్పేంత లేదు. ఫ్రేమ్‌తో లేపినప్పుడు స్ప్రింగు కింది ఆర్ముని కిందకి నెట్టే ఉంచుతుంది, పైగా ఒక్క వైపే లేపితే స్టెబిలైజర్ బారు మెలిపడి అది కూడా లాగుతుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఈ జాయింటులో ప్లే వచ్చేది నిలువుగా, మనం ఊపేది అడ్డంగా. అందుకని దించేసి, ఈసారి జాకీని కింది ఆర్ము కిందే, బాల్ జాయింటుకి ఎంత దగ్గరగా వీలైతే అంత బయటి చివరన పెట్టి, టైరు నేల నుంచి ఒక అంగుళం లేచేవరకు లేపా. ఫ్రేమ్ కింద స్టాండు కూడా పెట్టా, జాకీ ఒక్కదాన్నీ నమ్మి కింద తల పెట్టకూడదు. ఇప్పుడు ఆ మూల బరువు స్ప్రింగు, ఆర్ము, జాకీ మీదుగా నేలకి పోతుంది, బాల్ జాయింటు మీద బరువు లేదు. పొడుగు ప్రై బారు (మీటలా వాడే ఇనుప కడ్డీ) టైరు కిందకి పెట్టి మెల్లగా పైకి ఎత్తా. టక్. బావగారు ఇన్నాళ్లూ విన్న సౌండు అదే, గ్యారేజీలో నిలబడి ఉన్న కారులో.

"ఏంటి బామ్మర్దీ అది?" అన్నారు బావగారు.

ఫోన్ ఇచ్చి స్లో మోషన్‌లో వీడియో తీయమన్నా, నకల్‌కీ కింది ఆర్ముకీ మధ్యలో ఉన్న రబ్బరు బూటు మీద ఫోకస్ పెట్టి. నేను బారు ఎత్తి దించుతుంటే వీడియోలో చాలా క్లియర్‌గా కనపడింది, ఆర్ము కదలట్లేదు, నకల్ మాత్రం లేస్తోంది, మధ్యలో బూటు సాగుతోంది, మళ్లీ ముడుచుకుంటోంది, బూటు పక్కన చీలిక నుంచి గోధుమరంగు గ్రీజు కొద్దికొద్దిగా బయటకొస్తోంది. డయల్ గేజ్ ఉంటే అంకె చెప్పొచ్చు, కానీ బరువుని వేలాడదీసే జాయింటులో కంటికి కనపడేంత నిలువు ప్లే ఉందంటే నా వరకు అది మార్చేయాల్సిన జాయింటే, ఇంకా ఎన్ని మైళ్లు వస్తుంది అనే లెక్క దీంట్లో వేయకూడదు. కుడివైపు కూడా అలాగే చూశా, తక్కువే కానీ ఉంది.

ఇది చక్రం బేరింగు కాదని తేల్చుకోవడం కూడా అవసరం. బావగారిని కూర్చోబెట్టి బ్రేకు నొక్కించి మళ్లీ ఊపా. బ్రేకు నొక్కితే డిస్కు, క్యాలిపర్, నకల్ అన్నీ ఒకటైపోతాయి, ప్లే హబ్ బేరింగుదైతే అప్పుడు మాయమవుతుంది, బాల్ జాయింటుదైతే అలాగే ఉంటుంది. ఉంది. టైరుని రెండు పక్కలా పట్టుకుని ఊపితే స్టీరింగుని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ ర్యాక్ బాగానే ఉన్నాయి.

"బావా, ఈ బండి ఇక గ్యారేజీ దాటకూడదు, షాపుకి కూడా తోలుకెళ్లొద్దు, కావాలంటే టో చేయించండి" అన్నా. ఆయన ఒక షాపుకి ఫోన్ చేసి రేటు కనుక్కున్నారు, అది కాస్త భారీగానే ఉంది. ఈ మోడల్లో లోయర్ బాల్ జాయింటు ప్రెస్‌తో కొట్టి దించే రకం కాదు, నాలుగు బోల్టులతో ఊడొచ్చేది, ఇంట్లో చేసుకోగల పనే. కాబట్టి ఇక్కడే చేద్దామన్నాం.

పార్టుల దగ్గర మాత్రం నేను పట్టుబట్టా. ఆన్‌లైన్లో దీనికి చాలా చవక జాయింట్లు దొరుకుతాయి, జత కలిపి ఒక ఒరిజినల్ జాయింటులో మూడోవంతు కూడా ఉండవు. లింకు రాడ్డు, బుష్షు లాంటివి చవకవి వేసినా నేను ఏమీ అనను, గోల చేస్తే మళ్లీ మార్చుకుంటాం. బండి మొత్తం వేలాడేది ఈ ఒక్క బాల్ మీద, ఇది మాత్రం డీలర్ దగ్గర ఒరిజినల్‌దే కొనాలి. ఎడమది వేరు, కుడిది వేరు, ఎందుకంటే టై రాడ్ ఎండ్ తగులుకునే స్టీరింగ్ ఆర్ము కూడా ఈ బాల్ జాయింటు బాడీతో కలిపే పోత పోశారు. వాటితో పాటు కొత్త బోల్టులు ఎనిమిది, కొత్త క్యాసిల్ నట్లు (తల మీద గాడులున్నవి), అవి వదులవకుండా ఆ గాడుల్లో దూర్చే కొత్త స్ప్లిట్ పిన్నులు. ఆ నాలుగు బోల్టులు తప్ప జాయింటుని నకల్‌కి పట్టుకునేది ఇంకేదీ లేదు, పాతికేళ్లు లాగి లాగి ఉన్నవాటిని మళ్లీ వాడటం నాకు ఇష్టం లేదు. టై రాడ్ ఎండ్ తీసే పుల్లర్, బాల్ జాయింట్ సెపరేటర్ కొనక్కర్లేదు, ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, తిరిగిస్తే డబ్బులు మొత్తం వెనక్కి ఇస్తారు. ఎంత బలంతో బిగించామో చూపించే టార్క్ రెంచి మాత్రం సొంతది ఉండాలి, ఈ పని అంచనా మీద బిగించేది కాదు.

పని మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రం అన్ని నట్లకీ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేశా. టెక్సస్ బండి కాబట్టి తుప్పు పెద్దగా లేదు, డెట్రాయిట్ వైపో, ఒహాయో వైపో చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే చోట ఉన్నవాళ్లు మాత్రం ఇదే పనికి రెట్టింపు టైము పెట్టుకోండి, బోల్టు విరిగితే ఏం చేయాలో ముందే ఆలోచించి ఉంచుకోండి. గ్యారేజీలో చదునైన కాంక్రీటు మీదే పెట్టాం, డ్రైవ్ వే వాలుగా ఉంటుంది, అక్కడ వద్దు. తారు రోడ్డు మీద ఎండకి స్టాండు కాళ్లు దిగబడిపోతాయి, తప్పదనుకుంటే కింద మందపాటి ప్లైవుడ్ వేయాలి. వెనక చక్రాలకి రెండు వైపులా చెక్కలు, పార్కింగ్ బ్రేకు, వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే సగం తిప్పి వదులు చేసి, అప్పుడు ముందు భాగం మొత్తం లేపి రెండు వైపులా ఫ్రేమ్ కింద స్టాండ్లు. ఒక్క పక్కే లేపితే స్టెబిలైజర్ బారు మెలిపడి ఆర్ముని లాగి ఇబ్బంది పెడుతుంది, రెండు పక్కలా సమానంగా వేలాడితే పని హాయిగా ఉంటుంది. ఊడదీసిన చక్రాలు ఫ్రేమ్ కిందకి తోశాం, స్టాండు జారినా బండి చక్రం మీద ఆగుతుంది. ఇది మా పెదనాన్న షెడ్డులో రూలు, దీనికి మినహాయింపు ఎవరికీ ఉండేది కాదు.

ముందు టై రాడ్ ఎండ్. స్ప్లిట్ పిన్ను రెండు కాళ్లూ నిఠారుగా చేసి కట్టింగ్ ప్లయర్‌తో పట్టి మెలితిప్పుతూ లాగితే వస్తుంది, విరిగితే సన్నని పంచ్‌తో కొట్టాలి. నట్టు వదులు చేసి పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు ఉంచి, పుల్లర్ బిగిస్తూ పోతే ఒక దగ్గర టప్ మని టేపర్, అంటే కన్నంలో బిగుసుకున్న సన్నబడే కాడ, వదిలేస్తుంది. ఫోర్కు లాంటి సాధనం ఇక్కడ వాడొద్దు, అది బూటు చింపేస్తుంది, టై రాడ్ ఎండ్ మనం మళ్లీ వాడబోతున్నాం కదా. తర్వాత కింది ఆర్ము అడుగున ఉన్న పెద్ద క్యాసిల్ నట్టు. దీనికి ముందు జాకీని ఆర్ము కింద ఆనించి పెట్టా. ఈ బండిలో స్ప్రింగు షాక్ అబ్జార్బర్‌తో కలిసి బందీగా ఉంటుంది కాబట్టి జాయింటు విడిపోయినా స్ప్రింగు ఎగిరి బయటకి రాదు, కానీ స్ప్రింగు వేరుగా, షాక్ వేరుగా ఉండే బండ్లు ఉన్నాయి, వాటిలో జాకీ లేకుండా ఈ నట్టు తీస్తే స్ప్రింగు తుపాకీ గుండులా వచ్చి మనిషిని చంపగలదు, అది తెలియకుండా ఏ బండి మీదా చెయ్యి వేయకూడదు.

ఇక్కడ చాలామంది స్టడ్డుని ఆర్ము నుంచి విడదీయడానికి ఇరుకులోనే కుస్తీ పడతారు. నేను నట్టుని చివరి నాలుగు చుట్ల వరకు వదులు చేసి ఉంచి, నకల్ వైపు నాలుగు బోల్టులు తీసేశా. దాంతో నకల్ పై జాయింటు మీద వేలాడుతూ పక్కకి జరుగుతుంది, బాల్ జాయింటు ఒక్కటే ఆర్ములో నిలబడి మిగులుతుంది, చుట్టూ సుత్తి తిప్పడానికి చోటు దొరుకుతుంది. నకల్ బరువుగా ఉంటుంది, బ్రేకు క్యాలిపర్, డిస్కు అన్నీ దాని మీదే ఉన్నాయి, ఒక పట్టీతో పై నుంచి కట్టి ఉంచాలి, బ్రేకు హోసు గానీ ఏబీఎస్ వైరు గానీ బిగుసుకోకూడదు, సీవీ యాక్సిల్ బయటకి లాగబడకూడదు. అప్పుడు సెపరేటర్ గట్టిగా బిగించి టెన్షన్‌లో వదిలి, ఆటోనగర్ పద్ధతిలో ఆర్ము కన్నం ఉన్న లావాటి భాగానికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి రెండో పక్క నుంచి ఇంకో సుత్తితో గట్టిగా ఒక్కటి. కొట్టాల్సింది ఆర్ముని, స్టడ్డు చివరని కాదు, ఆ దెబ్బకి కన్నం ఒక్క క్షణం గుండ్రం తప్పి టేపర్ పట్టు వదిలేస్తుంది. రెండో దెబ్బకే వచ్చేసింది. నట్టు మిగిల్చి ఉంచాం కాబట్టి ఆర్ము ఎగిరిపడకుండా అక్కడే ఆగింది.

చేతిలోకి తీసుకున్న పాత జాయింటు గురించి చెప్పాలి. కొత్తదాని స్టడ్డు పట్టుకుని తిప్పుదామంటే మణికట్టు బలం మొత్తం పెట్టాలి, పాతది బాడీని నిలబెట్టి పట్టుకుంటే దాని బరువుకే స్టడ్డు ఒక పక్కకి వాలిపోయింది. పైకి లాగి కిందకి నొక్కితే బొటనవేలికి మెత్తని టిక్ తెలుస్తుంది. బూటు కోసి తీస్తే లోపల గ్రీజు గ్రీజులా లేదు, నీళ్లు కలిసి తుప్పు పొడితో ఎర్రటి ముద్దలా ఉంది. గుడ్డతో తుడిచి టార్చ్ వేసి చూస్తే బాల్ కనపడినంత మేర, మెడ దగ్గర ఒక పట్టీలా మెరుపు పోయి గరుకుగా ఉంది, గోరు పెట్టి గీస్తే తగులుతోంది. బరువు లాగేది సరిగ్గా ఆ వైపే, అరిగింది కూడా అక్కడే. బావగారు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పిల్లల్ని ఎక్కించుకుని పోదామనుకున్నాను రా" అన్నారు.

కింద విడిపోయి ఉన్నప్పుడే పై బాల్ జాయింటు చూసుకోవాలి, ఇంతకన్నా మంచి అవకాశం రాదు. నకల్‌ని చేత్తో అన్ని వైపులా తిప్పి చూస్తే పైది బిగువుగా, నున్నగా కదులుతోంది, బూటు బాగుంది. అది ప్రెస్‌తో దిగేది, స్నాప్ రింగు ఉంటుంది, అవసరం లేకుండా దాని జోలికి పోలేదు.

బిగింపులో జాగ్రత్త పడాల్సినవి కొన్నే. ఆర్ములో టేపర్ కన్నం గుడ్డతో శుభ్రంగా తుడిచి, గుండ్రంగానే ఉందా, లోపల గీతలున్నాయా చూడాలి. టేపర్ మీద గ్రీజు, ఆయిల్ ఏదీ ఉండకూడదు, పొడిగా ఇనుము ఇనుముకి పట్టాలి. నాలుగు బోల్టులూ ముందు చేత్తో పూర్తిగా దిగేవరకు తిప్పి, తర్వాత ఎదురెదురుగా బిగిస్తూ 80 న్యూటన్ మీటర్లు, అంటే 59 ఫుట్ పౌండ్లు. కింద క్యాసిల్ నట్టు 140 న్యూటన్ మీటర్లు, 103 ఫుట్ పౌండ్లు. నట్టు తిప్పుతుంటే స్టడ్డు కూడా తిరుగుతుంటే ఆర్ము కింద జాకీతో కాస్త పైకి తోసి ఉంచితే టేపర్ కూర్చుని ఆగుతుంది. టార్క్ వచ్చాక స్ప్లిట్ పిన్ను కన్నం గాడికి కలవకపోతే నట్టు ఇంకొంచెం ముందుకే తిప్పాలి, పిన్ను పట్టడం కోసం ఎప్పుడూ వెనక్కి వదులు చేయకూడదు. పిన్ను కొత్తదే, సరైన మందం ఉన్నదే, మేకు ముక్కో తీగ ముక్కో పెట్టి పని కానిచ్చే అలవాటు కొన్ని షెడ్లలో చూశా, ఈ నట్టు దగ్గర దాన్ని నేను ఎవరికీ క్షమించను. టై రాడ్ ఎండ్ కూడా బిగించి దానికీ కొత్త పిన్ను. బిగించిన ప్రతి తలకాయ మీద పెయింట్ మార్కరుతో గీత పెట్టా, తర్వాత వదులైతే గీత తప్పి కనపడుతుంది.

కుడివైపు ఇదే పని, ఇంకా తొందరగా అయ్యింది. తీసిన జాయింటు బూటు చిరగలేదు, అందుకే అరుగుదల తక్కువ, కానీ స్టడ్డు అదీ చేత్తో తిరిగేంత వదులే. ఇలాంటివి జతగానే మార్చాలి.

చక్రాలు ఎక్కించి, నేల మీదకి దించాక ఆరు నట్లూ ఎదురెదురుగా 83 ఫుట్ పౌండ్లకి బిగించి, బండి నిలబడి ఉండగా స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పించి హోసులు, వైర్లు ఎక్కడా లాగట్లేదని కింద నుంచి చూశా. కాలనీ లోపలే మెల్లగా ఒక రౌండు, ఆ టక్ లేదు, స్పీడ్ బ్రేకర్ మీద కూడా లేదు. అరిగిన టైరుతో అలైన్‌మెంట్ చేయిస్తే ఆ అరుగుదల లాగుడు అలాగే ఉంటుంది కాబట్టి ముందు రెండు టైర్లు కొత్తవి వేయించి, అప్పుడు అలైన్‌మెంట్ చేయించమన్నా. స్టీరింగ్ ఆర్ము జాయింటుతోపాటే మారింది కనుక టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటకో తిరిగి ఉండే కోణం, కొంచెం తేడా వచ్చే ఉంటుంది, అది వదిలేస్తే కొత్త టైర్లు కూడా తినేస్తుంది. తర్వాత మళ్లీ గీతలు, నట్లు అన్నీ చెక్ చేశా, ఏదీ కదలలేదు. బ్రోకెన్ బో ప్రయాణం వారం వెనక్కి జరిపి వెళ్లొచ్చారు, హైవే మీద అతుకుల దగ్గర స్టీరింగు వెతుక్కోవడం పోయిందని అక్క ఫోన్‌లో చెప్పింది.

మన ఊళ్లో బండ్లున్నవాళ్లకి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది, కాకపోతే ముందు కింద పడుకుని స్ప్రింగు ఎక్కడ కూర్చుందో చూడండి. ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, స్కార్పియో, థార్ లాంటి డబుల్ విష్‌బోన్ బండ్లలో స్ప్రింగు కింది ఆర్ము మీద ఉంటే బరువు మోసేది కింది జాయింటు, జాకీ కింది ఆర్ము చివర పెట్టి టైరుని నిలువుగా ఎత్తి చూడాలి. ఎక్కడైనా స్ప్రింగు పై ఆర్ము మీద ఉంటే మోసేది పై జాయింటు, అప్పుడు ఫ్రేమ్‌తో లేపి, పై ఆర్ముకీ ఫ్రేముకీ మధ్య చెక్క ముక్క పెట్టి జాయింటు మీద బరువు తీసి చూడాలి. స్విఫ్ట్ లాంటి చిన్న కార్లలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అక్కడ కింది బాల్ జాయింటు బరువు మోయదు, కేవలం దారిలో పెడుతుంది, కాబట్టి బాడీతో లేపి చక్రం వేలాడుతుండగానే చూడొచ్చు, పోతే చాలా వాటిలో ఆర్ము మొత్తం మార్చాల్సి ఉంటుంది. మెకానిక్ "జాయింట్లు చూశా, బానే ఉన్నాయి" అంటే జాకీ ఎక్కడ పెట్టి చూశావన్నా అని అడగండి, అడగడంలో తప్పేం లేదు, మంచి మేస్త్రి అయితే ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు కూడా.

బావగారి బండికి మిగిలింది రెండు పనులు. పై జాయింట్లు ఇప్పటికి బాగున్నా వయసు వాటికీ పాతికేళ్లే, ప్రతి ఆయిల్ మార్పుకీ అవి చూడాలి. కొత్త లోయర్ జాయింట్లకి గ్రీజు నిపుల్ లేదు, సీల్డ్, కాబట్టి వాటి ప్రాణం మొత్తం ఆ రబ్బరు బూటులో ఉంది, బూటు మీద చిన్న చీలిక కనపడిన రోజే మళ్లీ ప్రై బారు తీసుకుని కూర్చోవాలి. ఆయిల్ మార్చే తేదీలు రాసుకునే పుస్తకంలో "బూట్లు, ఆర్ము కింద జాకీ" అని ఒక లైను బావగారితోనే రాయించా.